ఒండె ఒండె

దయారత్నం వండినది ఏదీ ఎస్తేరు తినదు. అలగదు, ఏడవదు, కంచం తోసెయ్యదు. "ఆకలి లేదు పిన్నీ" అని మర్యాదగా చెప్పి, కింద బేకరీలో కొన్న ఖుబ్బూస్ రొట్టెను టీలో ముంచుకుని తింటుంది. ఆ మర్యాదే దయారత్నానికి ముల్లులా గుచ్చుకునేది. ఆసుపత్రిలో ఎంత మొండి రోగి చేతనైనా ముద్ద మింగించే నర్సు ఆమె. ఇంట్లో ఆ చిన్నపిల్ల ముందు కంచం పట్టుకుని నిలబడితే మాత్రం తన చేతులు తనకే పరాయివిగా కనిపించేవి.

ఎస్తేరు ప్రేమరాజు మొదటి భార్య కూతురు. ఆ భార్య మలయా రబ్బరు తోటల్లో పుట్టి పెరిగి, పెళ్లీడుకి భీమిలి చేరిన మనిషి. ప్రేమరాజు షార్జాలో ఉండగానే ఆమె భీమిలిలో జ్వరంతో పోయింది. టెలిగ్రాం అందుకుని, పనిలో పెట్టుకున్న అరబ్బు కఫీల్ దగ్గర పాస్‌పోర్టు పుచ్చుకుని అతను ఊరు చేరేసరికి సమాధికి వేసిన సున్నం కూడా ఆరిపోయింది. మరుసటి ఏడు దయారత్నాన్ని చేసుకున్నాడు. ఆ తర్వాత పిల్లనీ షార్జా రోలా పేటలోని ఈ ఇరుకింటికి తెచ్చాడు.

"ఏం తినాలనుందో చెప్పవే తల్లీ, ఏదైనా చేస్తాను" అని ఒక శుక్రవారం దయారత్నం బతిమాలింది. పిల్ల చాలాసేపు కిటికీలోంచి బస్సుల్ని చూసి, "ఒండె ఒండె" అంది.

మర్నాడు వార్డు తుడిచే లింగవ్వకి ఆ మాట చెబితే ఆమె పడీపడీ నవ్వింది. "ఉండె ఉండె అంటే ఎవలుండె సిస్టరమ్మా? నీకంటె ముందు ఉన్నామెను అడుగుతున్నదేమో పోరి!" అని, దయారత్నం మొహం చూసి నాలిక కరుచుకుంది. "నా నోట్ల మన్నువడ. ఊకె అన్న తియ్."

దయారత్నమూ నవ్వింది. కానీ రోజంతా మాత్రలు పంచుతున్నా, సూదులు వేస్తున్నా ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. ఉండె. ఉండె.

ప్రేమరాజుని అడిగింది. "అదా? మలయా వాళ్ల తీపి ఉండలు. జిగురు బియ్యప్పిండి ముద్దలో బెల్లం ముక్క పెట్టి, నీళ్లలో ఉడికించి, కొబ్బరికోరులో దొర్లిస్తారు. ఉండ మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని నోరు మూసుకోవాలి. లేకపోతే పాకం చిందుతుంది."

"ఇంకేం వేసేవారు?"

"ఏదో ఆకు రసం. పాండాన్ అనేది. బావి పక్కన పెంచుకునేది." అతను రేడియో మర తిప్పుతూ అన్నాడు. "మన మొగలి లాంటిదేలే."

మొగలి అంటే దయారత్నానికి తెలిసింది పువ్వు. వీధి చివర హిదాయతుల్లా కిరాణా కొట్లో, మొగలిపూల నుంచి తీసే కేవడా నీళ్ల సీసా కొంది. "బిర్యానీ హై క్యా సిస్టర్? మెహమాన్ ఆరే?" అన్నాడతను. అతిథే అనుకుంది ఆమె.

ఉండలు మరిగే నీళ్లలో మునిగి, ఉడికినవి ఉడికినట్టు తేలివచ్చాయి. ఇల్లంతా మొగలిపువ్వు ఘుమఘుమ. ఎస్తేరు గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత వచ్చి కూర్చుని ఒకటి నోట్లో వేసుకుంది. పెదాలు బిగించింది. ఇంకొకటి. మరొకటి. దయారత్నం మనసులోనే లెక్కపెట్టుకుంది.

ప్రేమరాజు ఒకటి తిని కళ్లు మూసుకున్నాడు. "అచ్చం దాని చేతి వాసనే" అన్నాడు.

పిల్ల తండ్రి వైపు వింతగా చూసింది. కంచం కడగడానికి దయారత్నం వెంట వంటింట్లోకి వచ్చాక అంది: "అమ్మ చేసినవి ఇలా ఉండవు పిన్నీ."

"మరి? బాగున్నాయనే కదా తిన్నావు?"

"ఇది అమ్మ పెట్టె వాసన. అమ్మని పెట్టెలో పెట్టాక మావయ్య సీసాతో ఇదే పోశాడు. మూత వేశాక కూడా నా చేతులకి ఉంది. నేను కడుక్కోలేదు. అమ్మమ్మ కడిగేసింది."

కుళాయి కారుతూనే ఉంది. కట్టెయ్యాలని దయారత్నానికి తోచలేదు.

"మరి అమ్మ చేసేవాటి వాసన?"

"అది మర్చిపోయాను" అంది పిల్ల. "మళ్లీ చేస్తావా?"

చేస్తానంది. తన చేత్తో పిల్లకి ఏం తినిపించిందో తలుచుకుని సీసా మూత గట్టిగా బిగించింది. అయినా లోలోపల, ఒప్పుకోవడానికి సిగ్గేసే సంతోషం కూడా ఉంది: పిల్ల తిన్నది.

సీసాని మసాలా డబ్బాల వెనక్కి నెట్టేసింది. సెలవు మీద మనీలా వెళ్తున్న తోటి నర్సుని అసలైన పాండాన్ ఆకులు తెమ్మని ప్రాధేయపడింది. ఆమె తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. నూరి రసం తీస్తుంటే, కొత్త బియ్యం ఉడుకుతున్నట్టు సన్నని వాసన. బతికున్న మనిషి వంటింటి వాసన. ఇది ముక్కుకి తగిలితే పిల్లకి తల్లి గుర్తొస్తుంది, పెట్టె మరుపున పడుతుంది అనుకుంది.

ఎస్తేరు ఒక ఉండ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. నుదురు ముడుచుకుని, దేనికోసమో వెతుకుతున్నట్టు మళ్లీ చూసింది. మెల్లిగా కంచంలో పెట్టేసింది.

"ఇది కాదు పిన్నీ."

"ఇదే తల్లీ. మీ అమ్మ చేసినవి ఇవే. ఒక్కటి తిను, గుర్తొస్తుంది."

"ఆకలి లేదు" అంది పిల్ల, మర్యాదగా.

దయారత్నం కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ ముందు నిలబడింది. పిల్ల పక్కటెముకలు గౌను పైకే తెలుస్తున్నాయని తనకి తాను చెప్పుకుంది. అది నిజం. నిజమంతా అది కాదని కూడా ఆమెకి తెలుసు. డబ్బాల వెనక నుంచి సీసా తీసి ఉండల మీద వంచింది.

ఎస్తేరు పిలవకుండానే వచ్చింది. నిలబడే తినడం మొదలుపెట్టింది. నాలుగైదు తిన్నాక, మొదటిసారిగా, ఒకటి తీసి దయారత్నం నోటి దగ్గర పెట్టింది.

"నోరు మూసుకో పిన్నీ. లేకపోతే చిందుతుంది."

దయారత్నం నోరు మూసుకుంది. లోపల పాకం వెచ్చగా పగిలింది.

"మళ్లీ మొగలి వేశావా? హాల్లోకి వస్తోంది" అని అవతలి గదిలోంచి ప్రేమరాజు సంబరంగా అడిగాడు. "అచ్చం అదే, కదూ?"

పిల్ల ఆమె పెదాల వైపే చూస్తోంది. దయారత్నం నోరు విప్పలేదు.