రోడ్డుకు వదిలిన చెవి

బన్నుల పెట్టెను సైకిల్ క్యారియర్ మీదికెత్తి, రబ్బరు పట్టీని రెండు చుట్లు తిప్పి బిగించాడు ముత్యం. భట్టీ వేడికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. జేబులోంచి తెల్లటి ఇయర్‌బడ్ తీసి, తుడిచి, ఎడమ చెవిలో పెట్టుకున్నాడు.

"సడక్ మీద గానా బజానా ఏంది ముత్యమన్నా," అన్నాడు బేకరీ యజమాని షౌకత్. "నువ్వు పడితే పడ్డవు గాని, నా బన్నులు పడితే ఎట్ల?"

"ఒక్క చెవిలనే పెట్టుకున్న సేఠ్. ఇంకోటి సడక్‌కే ఇడిసిన."

అది కూతురు షారోన్ పెట్టిన షరతు. ఇయర్‌బడ్స్ కొనిచ్చిన రోజే అంది: "ఒక్క చెవికే బాపు. ఇంకోటి సడక్‌కు ఇడువాలె. మాటియ్యి." మాటిచ్చాడు.

అలా రోడ్డుకు వదిలిన కుడి చెవి ముత్యానికి చిన్నప్పుడే పోయింది. చీము కారీ కారీ, ఎవరూ పట్టించుకోక, వినడమే మానేసింది. పెళ్ళిచూపుల్లో చెప్పలేదు. తర్వాత ఇంట్లో ఎవరికీ చెప్పే సందర్భం రాలేదు. ఎక్కడ కూర్చున్నా మనుషులు ఎడమవైపు ఉండేలా చూసుకోవడం అలవాటైంది. చర్చి పాటల బృందంలోనూ కుడి కొసనే నిలబడేవాడు. అందరి గొంతులూ ఎడమ చెవిలో పడేవి, వాటి వెంట తన గొంతు పోయేది.

కోతల పండుగకని, పాటలు నేర్పే మోజెస్ సారు నిలబడే వరసలు మార్చి అతన్ని ఎడమ కొసకు జరిపాడు. ఇక ముత్యానికి ఒక్క గొంతూ సరిగా అందలేదు.

"పాట ఒక దిక్కు, నువ్వొక దిక్కు పోతున్నరే ముత్యం," అన్నాడు సారు అందరి ముందూ. "ఆదివారం దాంక సూస్త. లేకుంటే కుర్చీలేసే పని నీకే."

కారణం చెబితే అసలుకే తీసేస్తాడు. అందుకే షారోన్‌తో ఆ పాట పాడించి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. ఎవరి గొంతూ వినకుండానే పాడేంతగా ఒంటపట్టాలి. ఇంట్లో టీవీ, బేకరీలో మిషన్ మోత. సైకిల్ మీదే వీలు.

వర్ని చౌరస్తా హోటళ్ళలో సగం బన్నులు దించి బోధన్ రోడ్డెక్కాడు. చెరుకు ట్రాక్టర్ల కాలం, రోడ్డంతా రాలిన ఆకు. రెండో చరణం చివర గొంతు దించాల్సిన చోట రోజూ తప్పేవాడు. ఇవాళ షారోన్ దిగిన చోటే దిగాడు. పాట మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ సరిగ్గా దిగాడు. అతని వేళ్ళు హ్యాండిల్ మీద తాళం వేస్తున్నాయి.

వెనకనుంచి ట్రాక్టర్ హారన్ కొడుతూనే ఉంది. రోడ్డు పక్క జామకాయలమ్మే ఆవిడ కేకేసింది. ముందున్న గుంతను తప్పించుకోబోయి ముత్యం రోడ్డు మధ్యకు జరిగాడు.

బన్నులు చాలా దూరం దొర్లాయట.

సాయంత్రం ఇంటినిండా చర్చివాళ్ళు. శవం ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు. భార్య దీవెన గోడకానుకుని కూర్చుంది. "చెవిల పాటలు పెట్టుకున్నడంట గద," అన్నాడు వివరాలు రాసుకోవడానికి వచ్చిన పోలీసాయన.

షారోన్ లేచి, కిటికీలో పెట్టిన ఇయర్‌బడ్స్ చార్జింగ్ డబ్బీ తెచ్చి ఆయన ముందు మూత తీసింది.

"ఒక్కటే పెట్టుకున్నడు సార్. ఇంకో చెవి సడక్‌కే ఇడిసిండు. మా బాపు మాట తప్పలే."

మోజెస్ సారు తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. డబ్బీలో ఎడమ గూడు ఖాళీగా ఉంది. కుడి గూట్లో, ఒక్కసారీ వాడని ఇయర్‌బడ్ నిండా చార్జింగ్ ఎక్కి, చిన్న పచ్చ దీపం వెలిగించుకుని ఉంది.