మెడలో స్పానర్

సార్జంట్‌కి ‘సున్నా సార్’ అని పేరు పెట్టినవాళ్లు వెక్కిరింపుకే పెట్టారు. అతను మాత్రం దాన్ని బిరుదుగా తీసుకున్నాడు. విమానాలు బాగుచేసే ఆ హ్యాంగర్‌లో అతని సెక్షన్ నుంచి ఏడాది పొడవునా ఒక్క పనిముట్టు పోలేదు. పక్క సెక్షన్లలో ఇవాళ స్క్రూడ్రైవర్, రేపు టార్చిలైటు మాయమవుతూనే ఉన్నాయి. ఇతని దగ్గర మాత్రం గుండు సున్నా.

బయటివాళ్లకి ఇందులో గొప్పేమిటో అర్థం కాదు. వంటింట్లో గరిటె పోతే తిట్టుకుని ఇంకోటి కొనుక్కుంటాం. విమానం దగ్గర అలా కుదరదు. పోయిన స్పానర్ ఏ సీటు కిందో ఉండి, విమానం లేచాక జారి, పైలట్ పట్టుకునే కర్ర మొదట్లో ఇరుక్కుందంటే ఇక అంతే సంగతులు. అందుకే గోడమీద పెద్ద బోర్డు, బోర్డుమీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలో నల్లరంగు నీడ. ఏది తీసుకున్నా దాని చోట ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్లు తగిలించి వెళ్లాలి. పని అయ్యాక ఒక్క నీడ ఖాళీగా కనిపించినా విమానాలన్నీ ఆగిపోవాలి. పోయిందని వచ్చి చెప్పినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. అది అక్కడి నియమం. తిడితే ఆ తర్వాత ఎవరూ చెప్పరు కదా మరి.

సార్జంట్ ఎవర్నీ తిట్టలేదు. అతను చేసింది వేరు.

అతని సెక్షన్‌లో ఒక అమ్మాయి ఉంది. పొట్టిగా, సన్నగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టని సందుల్లోకి ఆమే దూరి పనిచేస్తుంది. అందరూ పిట్ట అంటారు. కిందటేడు ఆ పిట్ట చేతిలోని స్పానర్ ఒకటి కనిపించకుండా పోయింది. తనే పరుగెత్తుకొచ్చి చెప్పింది. విమానాలు ఆపారు. సెక్షన్ సెక్షనంతా నేలమీద పాకుతూ వెతికింది. చివరికి చూస్తే అది ఆమె జేబు చిరుగులోంచి బట్టల అస్తరులోకే జారి ఉంది. సార్జంట్ ఒక్క మాట అనలేదు. తాడు తెచ్చి స్పానర్‌కి కట్టి ఆమె మెడలో వేశాడు. ఇక పోదులే, అన్నాడు. వారంపాటు పిట్ట అలాగే తిరిగింది, భోజనాల హాల్లో కూడా. పళ్లెం పెట్టుకోవడానికి వంగినప్పుడల్లా స్పానర్ టంగుమని బల్లకి తగిలేది, హాలంతా గొల్లుమనేది. సార్జంట్ లెక్కలో అది తమాషా. తిట్టలేదు, కొట్టలేదు, పైవాళ్లకి చెప్పలేదు. సరదాగా బుద్ధి చెప్పాడు, అంతే. ఆ వారం తర్వాత నుంచే మొదలైంది సున్నా.

ఆ సున్నాకే ఇవాళ పతకం. వైమానిక దళంలో ఏటా ఇచ్చే పురస్కారాల్లో అన్నిటికంటే పెద్దది, ఉత్తమ నాయకత్వానికి ఇచ్చేది, సార్జంట్‌కి వచ్చింది. భార్య కొత్త బట్టలు కట్టుకుంది. అంతకంటే పెద్ద విశేషం, మామగారు కోటు వేసుకుని వచ్చాడు. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అల్లుడు విమానాల్లో ఉంటాడని చుట్టాలకి చెప్పుకునేవాడు గాని, అక్కడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మాట మార్చేసేవాడు. చేతులకి గ్రీజు అంటిన అల్లుడంటే ఆయనకి మొదట్నుంచీ ఓ మెట్టు తక్కువే. అలాంటి మామగారు ఇవాళ పొద్దున కారు దిగుతూనే, “ఏదీ, మీరు పనిచేసే చోటు చూపించండి అల్లుడుగారూ” అన్నాడు. సార్జంట్‌కి కాళ్లు నేలమీద ఆనలేదు.

నేరుగా బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్క నీడ ఖాళీ లేదు, అన్నీ వరసగా, తళతళా. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా తల ఊపుతుంటే సార్జంట్ ఒక్కోటీ తీసి చెప్పుకుంటూ పోయాడు. అలా చెబుతూ పొడుగు కాడ అద్దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పళ్ల డాక్టర్లు నోట్లో పెట్టి చూసేలాంటిదే, కాస్త పెద్దది, విమానంలో కంటికి ఆనని మూలలు చూడ్డానికి. తీసుకున్నవాడు దాన్ని వెలుతురుకి తిప్పి చూశాడు.

అది కొత్తది. అతని సెక్షన్ అద్దం కాడ చేతుల చెమటకి నల్లబడి ఉండాలి. ఇది దుకాణంలోంచి ఇప్పుడే వచ్చినట్టుంది. కాడమీద సెక్షన్ గుర్తు మెషిన్‌తో చెక్కి ఉండాలి. ఇక్కడ ఎవరో సూదితో గీశారు, అదీ వంకరగా.

పాత అద్దం ఎక్కడో పోయిందని, చెప్పకుండా కొత్తది కొని తగిలించారని అర్థం కావడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. గోడకి ఫోను ఉంది. ఆ ఫోనెత్తి ఒక్క ముక్క చెబితే చాలు, కార్యక్రమం చివర్లో ఎగరబోయే నాలుగు విమానాలూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. సున్నా కూడా అక్కడితో ఆగిపోతుంది. సార్జంట్ అద్దాన్ని మళ్లీ బోర్డుకి తగిలించాడు. అది దేనికని మామగారు అడిగితే, మూలలు చూడ్డానికని చెప్పి ముందుకు నడిచాడు.

రన్‌వే పక్కన టెంటు వేసి కుర్చీలు పరిచారు. భార్యనీ మామగారినీ ముందు వరసలో కూర్చోబెట్టి, సార్జంట్ తన సెక్షన్‌వాళ్లు నిలబడ్డ చోటుకి వెళ్లాడు. అందరూ సార్‌ని చూసి నవ్వారు. ఆ నవ్వులు ఇవాళే ఎందుకో అతనికి అతికించినట్టు కనిపించాయి. పిట్ట ఒక్కతే నవ్వలేదు. దూరంగా వరసగా నిలబెట్టిన విమానాలకేసి చూస్తోంది. ఆమెని పక్కకి పిలిచాడు.

“అద్దం ఎప్పుడు పోయింది?”

పిట్ట బుకాయించలేదు. “నిన్న, సార్.”

“అప్పుడు ఏ విమానంలో పనిచేస్తున్నావు?”

“మూడోదాంట్లో. అందరం కలిసి వెతికాం సార్. అందులో లేదనే అనుకున్నాం. కానీ నాకు నమ్మకం కుదరడం లేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

ఆమె చెయ్యి తనకి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది. “మీకు ఇవాళ అవార్డు కదా, పాడుచెయ్యొద్దన్నారు అందరూ. నేనూ ఊరుకున్నా. ఆ తాడు మళ్లీ వేసుకుని తిరగడం నా వల్ల కాదు సార్.”

సార్జంట్‌కి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఏడాదిగా తను గర్వంగా చెప్పుకుంటున్న సున్నా ఇదన్నమాట. పనిముట్లు పోకుండా ఆగలేదు. తనకి చెప్పడం ఆగింది. ఇంకెన్ని పోయాయో, ఇంకెన్ని దొంగచాటుగా కొని తగిలించారో.

ఆ క్షణమే కమాండర్ దగ్గరికి వెళ్లాల్సింది. వెనక్కి తిరిగి చూస్తే ముందు వరసలో మామగారు పక్కవాళ్లతో ఏదో చెబుతూ తనవైపే వేలు చూపిస్తున్నాడు.

“నోరు మెదపకు,” అన్నాడు పిట్టతో. “విమానాలు లేచేది అందరికీ ఇవ్వడం అయ్యాకే కదా. నా వంతు అవనీ. కమాండర్‌తో నేనే చెప్తా.”

పిట్ట అతన్ని అలాగే చూసింది. సరే అనలేదు, కాదనలేదు.

కార్యక్రమం ఆలస్యంగా మొదలైంది. ముఖ్య అతిథి ఉపన్యాసం ఎంతకీ తెమల్లేదు. ఉత్తమ పైలట్‌కి ఇచ్చారు, ఉత్తమ వైద్య సహాయకురాలికి ఇచ్చారు. ఉత్తమ భోజనశాల పురస్కారం ఆ స్పానర్ మోగిన హాలుకే వచ్చింది. అక్కడ రోజూ తిని తిట్టుకునేవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంకో రోజైతే సార్జంట్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఇవాళ అతని చెవులు వేదికమీద లేవు. ఆలస్యమవుతోందని ఎవరో కబురు పంపినట్టున్నారు, రన్‌వే వైపునుంచి ఇంజన్ల మోత మొదలైంది. అతను అనుకున్న టైము అక్కడే తప్పింది.

సరిగ్గా అప్పుడే అతన్ని పిలిచారు.

వేదికవైపు నడిచాడు. మెట్లెక్కాడు. ఒక ఆఫీసరు మైకులో చదువుతున్నాడు, ఈయన సెక్షన్‌లో క్రమశిక్షణ గురించి, కిందివాళ్లకి ఈయనంటే ఉన్న నమ్మకం గురించి. మొదటి విమానం కదిలింది. రెండోది కదిలింది. కమాండర్ పతకం ఎత్తి పట్టుకున్నాడు. చెప్పు, చెప్పేయి, అని లోపల ఎవరో గీపెడుతున్నారు. పతకం మెడలో పడగానే చెప్తా, అని సార్జంట్ తనకి తనే మాటిచ్చుకున్నాడు. తల వంచాడు. రిబ్బను మెడమీద పడింది.

చప్పట్ల మధ్యలోంచి కేక వినిపించింది. తలెత్తి చూస్తే తారునేలమీద ఒక చిన్న ఆకారం పడుతూ లేస్తూ పరుగెడుతోంది. పిట్ట. కదలబోతున్న మూడో విమానానికి ఎదురుగా వెళ్లి నిలబడి, రెండు చేతులూ తలపైన అడ్డంగా మడిచి పట్టుకుంది. ఆపమని దానర్థం. ఆ సైగ చూశాక ఏ పైలటూ అంగుళం కూడా కదలడు. ఇంజన్ మోత తగ్గింది. ముందున్నవీ ఆగాయి. టెంటులో అందరూ లేచి నిలబడ్డారు.

“ఆ అమ్మాయి ఎవరు?” అన్నాడు కమాండర్.

“నా సెక్షన్ సార్. మూడోదాంట్లో అద్దం పోయింది,” అన్నాడు సార్జంట్. చెప్పాల్సిన మాట చివరికి చెప్పాడు, అవసరం తీరిపోయాక.

సీటు ఊడదీశారు. అద్దం అక్కడే ఉంది, కర్ర మొదట్లో, నిలువుగా ఇరుక్కుని. వెతికినప్పుడు ఎక్కడ దాక్కుందో, విమానాన్ని లాక్కొచ్చేటప్పుడు జారినట్టుంది. పైలట్ దాన్ని చూసి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. ఆ కుర్రాడి మొహం చూశాక సార్జంట్‌కి అతని వంక మళ్లీ చూసే ధైర్యం రాలేదు.

ఆ తర్వాత జరిగిందే ఘోరం. కమాండర్ అందరిముందూ సార్జంట్ భుజం తట్టాడు. వేదికమీద ఉండి కూడా తన మనిషిని సమయానికి పంపాడని, ఈ పతకం సరైన మెడలోనే పడిందని గట్టిగా అన్నాడు. చప్పట్లు మళ్లీ మోగాయి. మామగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, కనిపించినవాళ్లందరికీ “మా అల్లుడండీ, మా అల్లుడు” అని చెబుతున్నాడు. ఆ మాట కోసం సార్జంట్ పెళ్లయిన నాటినుంచీ ఎదురుచూశాడు. కాదనలేకపోయాడు.

అప్పుడు వచ్చింది పిట్ట. మోకాలి దగ్గర బట్ట చిరిగింది. చేతిలో అద్దం ఉంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లెవర్నీ చూడకుండా తిన్నగా సార్జంట్ ముందుకొచ్చి అద్దం అతని చేతికిచ్చింది. ఇచ్చి, తల వంచి నిలబడింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సెక్షన్‌వాళ్లకి మాత్రం అర్థమైంది. వాళ్లంతా నేలచూపులు చూశారు.

“ఏంటది? ఎందుకలా నిలబడింది?” అన్నాడు కమాండర్.

సార్జంట్‌కి తల కొట్టేసినట్టయింది. ప్రాణాలు కాపాడి వచ్చిన పిల్ల మెడ వంచి తాడు కోసం చూస్తోంది. తన మెడలో పతకం వేలాడుతోంది. పతకం కోసం తనూ, తాడు కోసం ఆమే ఒకేలా వంచారు తల.

“నేను తాడు వేస్తానని, సార్,” అన్నాడు. “కిందటేడు పనిముట్టు పోగొడితే దాన్నే ఈమె మెడలో కట్టి తిప్పించాను. అందుకే ఎవరూ నాకు చెప్పడం మానేశారు. ఈ అమ్మాయిని నేను పంపలేదు. విమానాలు లేవకముందే నాకు తెలుసు. నోరు మెదపొద్దన్నాను. పతకం పడేదాకా ఆగాను.”

చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దిగాయి. సార్జంట్ రిబ్బను మెడలోంచి తీసి ఇవ్వబోతే ముడి జుట్టుకి చిక్కుకుని వెంటనే రాలేదు. కమాండర్ పతకం తీసుకుని జేబులో వేసుకున్నాడు. రేపు పొద్దున ఆఫీసుకి రమ్మన్నాడు, అంతే. పిట్టకేసి తిరిగి, తల ఎత్తమ్మా, అన్నాడు. సార్జంట్ చెప్పాల్సిన ఆ మాట కూడా ఇంకొకరే చెప్పారు.

ఇంటికి వెళ్లే దారిలో కారులో భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మామగారు కోటు విప్పి ఒళ్లో మడతపెట్టుకున్నాడు. సగం దారిలో ఆయనే అడిగాడు.

“ఆ పిల్ల మెడలో అది వేసుకుని తిరుగుతుంటే అందరూ నవ్వారా?”

“నవ్వారు మామయ్యగారూ.”

“మీరు?”

సార్జంట్ రోడ్డుమీదినుంచి కళ్లు తిప్పలేదు.

“ముందు నేనే నవ్వాను,” అన్నాడు.