తిమ్మదాసుకు బాకీ

సంచిలో మొదట పెట్టింది సన్నాయి పీకల డబ్బా. దాని మీద రెండు లుంగీలు, తెల్లచొక్కా, నమాజు టోపీ, రోజా ఉపవాసం విడవడానికి ఖర్జూరాలు, నేను కుట్టిన గుడ్డ మాస్కులు. మాస్కులు చేతికి అందేలా ఉండాలని మళ్ళీ సంచి విప్పి సర్దాను. మా ఆయన హజరత్ వలి నవ్వాడు. మూతికి గుడ్డ కట్టుకుంటే సన్నాయి ఊదేది యాడనుంచి అన్నాడు.

అది కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, రంజాన్ నెల. కోడుమూరులో మా వీధిలోనే మనుషులు పోతున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి, పెళ్ళిళ్ళకు పోవడం ఎప్పుడో మానేశాడు. కానీ ఈ పెళ్ళి ఆయన గురువు నరసన్నగారి ఇంట్లో, పులివెందుల దగ్గర పల్లెలో. గురువుగారి మనవడు నాగార్జున ఫోన్ చేసి, తాత నేర్పిన తిమ్మదాసు కీర్తన తాళి కట్టేటప్పుడు వాయించాలని అడిగాడు.

తిమ్మదాసు ఏనాడో పెన్న ఒడ్డున తిరుగుతూ పాటలు కట్టినవాడు. ఇప్పుడు వాటిని ఎరిగినవాళ్ళు తక్కువ. మా ఆయన చిన్నప్పుడు ముఖారి రాగంలోని ఆ కీర్తన విని, మేపుతున్న మేకలను వదిలేసి నరసన్నగారి వాకిట్లో కూర్చున్నాడట. తర్వాత ఎన్ని నేర్చినా వేళ్ళు దాని మీదికే పోయేవి. మా మొదటి బిడ్డను మట్టి చేసి వచ్చిన సాయంత్రం కూడా అదే వాయించాడు. ఎవరేమనుకుంటారోనని నేను తలుపు వేశాను.

మా నాయన పత్తిబండి తోలుకుని బళ్ళారికి పోయి రాలేదు. మా అన్న కువైట్ పోయి రాలేదు. అందుకే పెళ్ళైన కొత్తలో ఈయన సంచి తీస్తే నేను గడపకు అడ్డంగా కూర్చునేదాన్ని. అది చూసి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఊరికి పోయే ముందు గడప దగ్గర కూర్చుని పల్లవి, అనుపల్లవి వాయించి ఆపేసేవాడు. తిమ్మదాసు పేరు వచ్చే చరణం తిరిగొచ్చాకే.

"చరణం బాకీ ఉండాది. తిమ్మదాసుకు బాకీ పెట్టి నేను యాడికి పోతానే?" అనేవాడు.

మా కాపురమంతా ఆ బాకీ మీదే నేను నిద్రపోయాను.

ఆ రోజూ గడప దగ్గర కూర్చున్నాడు. అనుపల్లవి అయింది. నేను సంచి అందుకున్నాను. సన్నాయి ఆగలేదు, చరణంలోకి పోయింది. తిమ్మదాసు పేరున్న చోట కొంచెం నిలిచి, పల్లవికి తిరిగొచ్చి ముగిసింది.

"ఎందుకు పూర్తి చేసినావు?" అన్నాను.

ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. పెళ్ళి కోసమని రోజూ కీర్తనను మొదటి నుంచి చివరిదాకా సాధన చేశాడు. వేళ్ళు ఆ అలవాటులోనే పోయాయి, అంతే. కానీ ఆయన ముఖం కూడా వాడిపోయింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది. పోవద్దని సంచి గట్టిగా పట్టుకున్నాను.

"గురువింటి పిలుపే. పోకుంటే మొగం యాడ పెట్టుకునేది?" అన్నాడు. సన్నాయి తుడుస్తూ, "నువ్వు పుస్తకంలో చదివినావు సూడు, రెండో చరణం. అది నాకు రాదు కదా. వచ్చినాక నువ్వు చదువు, నేను వాయిస్తా. ఇంగ అదే బాకీ," అన్నాడు.

నేను బడికి పోలేదు. తిమ్మదాసు కీర్తనలున్న పాత అచ్చుపుస్తకంలో, ఆయన నోట విన్న మాటల మీద వేలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. గురువు నేర్పని రెండో చరణం ఒకటి ఉందని చెప్పింది నేనే. ఇన్నేళ్ళూ ఆయన దాన్ని పట్టించుకోలేదు. గడప మీద అప్పటికప్పుడు పుట్టిన బాకీ నిలుస్తుందా అని, బస్సు కదిలేదాకా అదే ఆలోచన.

పెళ్ళి బాగా జరిగిందని ఫోన్ చేశాడు. కీర్తన వాయిస్తుంటే నరసన్నగారి కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుందట. మరునాటి నుంచి రోజూ మధ్యాహ్నం పన్నెండుకే కర్ఫ్యూ, బస్సులు తగ్గి ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. నేను ఫోన్ పక్కన పెట్టుకునే రొట్టెలు చేశాను, పక్కన పెట్టుకునే నమాజు చదివాను. మోగితే భయం, మోగకపోతే భయం. ఒకసారి మాటల్లో దగ్గు వినిపించింది. దుమ్ములే అన్నాడు. తర్వాత నాగార్జున ఫోన్ చేసి, ఆయన్ను కడపలో ఆసుపత్రిలో చేర్చానని చెప్పాడు. లోపలికి ఎవరినీ రానివ్వరట.

పండగ ముందురోజు ఆయనే ఫోన్ చేశాడు. మాటకూ మాటకూ మధ్య గాలి చప్పుడు.

"ఏమే, ఆ రెండో చరణం చదువు. ఊరికే పండుకోనుండా. మనసులో వాయించుకుంటా."

పుస్తకం తీశాను. పేజీ దొరికింది. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది. చదివేస్తే ఆయన వెనక్కి రావడానికి ఇంకేమీ మిగలదనిపించింది.

"ఈడికి రా. ఈడ చదువుతా," అన్నాను.

"మొండిదానివి," అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. ఫోన్ ఎవరో తీసుకున్నారు.

హజరత్ వలి తిరిగి రాలేదు. రంజాన్ పండగ అయిపోయాక వచ్చిన ఆదివారం, రెండు వేల ఇరవై ఒకటి మే పదహారున, కడపలోనే మట్టి చేశారు.