స్టూలు లేని ఆదివారం

ఇంకో నాలుగు భజియాలు కట్టించుకొస్తే బాగుండేది, పక్కింటి ఎల్లవ్వ పళ్ళు లేని నోటితోనే టమాటా భజియాని చప్పరించి చప్పరించి తింటుంది, కానీ డుమస్ సముద్రపు ఒడ్డున బస్సు కదిలిపోతుంటే ఎవరికి గుర్తుంటుంది, పైగా కూతురు కృప చెప్పుల నిండా సముద్రపు నల్ల ఇసుక, మెట్ల పొడుగునా రాల్చుకుంటూ పోతుంది పిల్ల, అని సుమన అనుకుంటూ ఉండగానే భర్త నరేశ్ ఇనప రెయిలింగు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, ఆమె ఆలోచన అక్కడే తెగింది, భజియాలు లేవు, ఇసుక లేదు, ఆ కాలు ఒక్కటే ఉంది, కోసాడ్ కాలనీలో ఈ బిల్డింగుకి మూడు అంతస్తులు, అరవై మెట్లు, ఏడు నెలలుగా వాటిని లెక్కపెట్టని రోజు లేదు, స్టూలు తెప్పించనా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది, పొద్దున ఆరాధనకు దిగేటప్పుడే చెప్పాడు గదా, స్టూలు వద్దే, ఇయ్యాల ఊకెనె ఎక్కుత, కూసోకుంట ఎక్కితే రేపు సాంచాలకు పోత, ఎక్కకపోతే ఇంకో నెల ఇంట్లనే ఉంట, అని, సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల షెడ్డు, దీపావళి సెలవులయ్యాక తెరిచి వారమైంది, ఎనిమిది సాంచాల మధ్య ఒక్క మనిషి రోజంతా అటూ ఇటూ నడవాలి, తెగిన పోగు దగ్గరికి ఉరకాలి, సూపర్‌వైజరు నిన్న ఫోన్ చేసి సోమవారం వస్తే రా నరేశూ, లేకుంటె నీ జాగల ఇంకొకణ్ణి పెట్టుకుంట, ఏమనుకోకు, అన్నాడు, ఏమనుకుంటాడు, ఫోన్ పెట్టేసి చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు, ఐదు, ఆరు, ఏడు, కృప అప్పుడే రెండో మలుపు దాటేసింది, తాళంచెవి దాని చేతిలోనే ఉంది, ఎనిమిది.

ఏప్రిల్లో ఈ మెట్లు దిగినప్పుడు అతను నడవలేదు, ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి దింపారు, రెండోసారి కరోనా ఊరి మీద పడ్డ రోజులు, అంబులెన్సు కూత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియని రోజులు, ఏ ఆస్పత్రిలోనూ మంచం లేదు, చివరికి ఒక బడి హాల్లో వేసిన మంచాల వరసలో చోటు దొరికింది, పదకొండు రోజులు ముక్కుకి గొట్టంతో ఉన్నాడు, ఆమె గేటు బయట నిలబడి టిఫిన్ డబ్బా పంపేది, మెత్తటి అన్నం, మిరియాల చారు, మూత మీద ఒక చీటీ, చీటీలో ఆ పొద్దున తను చదివిన బైబిలు వాక్యం ఒక్క ముక్క, పక్క మంచం మీది గుజరాతీ ముసలాయన రోజూ ఆజ్ క్యా లిఖా హై భాయ్, ఇవాళ ఏం రాసుంది, అని అడిగేవాడట, నరేశ్ మాటకో గుక్క పీల్చుకుంటూ హిందీలో చెప్పేవాడట, తొమ్మిదో రోజు ఆ మంచం ఖాళీ అయింది, ఆ రోజు డబ్బా అన్నంతోనే వెనక్కి వచ్చింది, ఆ సంగతి అతను జులైలో గాని చెప్పలేదు, మే నెలలో ఇంటికి తెచ్చిన రోజు ఇవే మెట్లు, ఆమె ఎర్ర ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని వెనకాల, ఆరేడు మెట్లకోసారి స్టూలు వేయడం, కూర్చోబెట్టడం, లేపడం, రెండో అంతస్తు మలుపులో అతను తల గోడకి ఆనించి, సుమనా, ఇగ నాతోని కాదు, ఈడనే ఉంట, అన్నాడు, ఆమె కొంగుతో అతని మెడ తుడిచింది, ఆ మెడ మీద ఎముక అంత పైకి ఎప్పుడు తేలిందో తనకి తెలియనందుకు తనమీద తనకే కోపం వచ్చింది, ఇప్పుడు అదే మెడ ముందు పోతోంది, చెమట ఉంది, ఎముక మీద కాస్త కండ కూడా ఉంది, ఇరవై రెండు, ఇరవై మూడు.

అతన్ని ఇంటికి తెచ్చిన మరుసటి సోమవారమే ఆమె డ్యూటీకి పోయింది, పోక తప్పలేదు, పోవాలని కూడా ఉండింది, ఆ రెండో మాట ఎవరికీ చెప్పలేదు, చీరల కార్ఖానాలో ఆమెది చెకింగు టేబులు, కింద లైటున్న అద్దం మీద చీర జారుతూ పోతుంటే తెగిన పోగు, రంగు మచ్చ, జరీ తప్పు ఎక్కడున్నా వేలు అక్కడ ఆగుతుంది, పదేళ్ళ నుంచి ఆ వేలు తప్పు చేయలేదు, తొమ్మిదింటి నుంచి ఏడింటిదాకా నిలబడి తప్పులేరి ఇంటికొస్తే కన్ను ఊరుకుంటుందా, తలుపు తీయగానే దిండు గలీబు మీద చాయ్ మరక, గిన్నెల కింద నీళ్ళు, కృప జడలో చిక్కు, అన్నీ వరసగా కనబడేవి, మళ్ళీ ఆ ఇల్లే, తనకు ఎంతో ఇష్టమైన ఇల్లు, పొద్దున ఐదున్నరకి కిటికీ దగ్గర ఒక్క చాయ్, ఐస్‌క్రీము డబ్బాలో పెంచుకున్న పుదీన నుంచి రెండు ఆకులు తుంచి అందులో వేసుకుని, పది నిమిషాలు వాక్యం చదువుకునేది, ఆ పది నిమిషాలు ఎవరికీ ఇచ్చేది కాదు, శనివారం సాయంత్రం దుప్పట్లు మార్చేది, కార్ఖానాలో పారేసే కట్‌పీసుల అంచులు కలిపి కుట్టిన టేబులుగుడ్డ రేకు పెట్టె మీద పరిచేది, దాని చుట్టూ కూర్చుంటే అదే వాళ్ళ డైనింగ్ టేబులు, ఆదివారం బగారన్నం, రోజూ ఎనిమిదింటికి ప్రార్థన, డిసెంబరులో కుక్కర్ అడుగున ఇసుక పోసి కేకు, ఒకటి మాడింది, రెండోది నిలబడింది, ఇవన్నీ ముచ్చట్లే, ఇవి లేకపోయినా మనిషి బతుకుతాడు, కానీ ఆమెకి బతకడమంటే ఇవే, అందుకే పాస్టరమ్మ లలితమ్మ ఫోన్ చేసి, తప్పు పట్టుకోకు బిడ్డా, మొగడు మంచాన ఉన్నడు, ఇంటి ఆడిది పొద్దుగూకేదాంక బయటుంటే ఇల్లు ఎట్ల నిలవడ్తది, నౌకరి జర ఇడిసిపెట్టు, దేవుడు సూస్తడు, అన్నప్పుడు ఆమెకి అంత గట్టిగా తగిలింది, లలితమ్మ చెడ్డది కాదు, ఆ పదకొండు రోజులూ ఉపవాసం ఉండి ప్రార్థన చేసిన మనిషి, కృపను తన ఇంట్లో పడుకోబెట్టుకున్న మనిషి, చెడ్డవాళ్ళ మాటైతే దులిపేసుకోవచ్చు, మంచివాళ్ళ మాట ముల్లులా లోపల ఉండిపోతుంది, మే నుంచి నవంబరుదాకా అలాగే ఉంది, టేబులు మీద చీర జారుతుంటే, ఇల్లు ఎట్ల నిలవడ్తది, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడితే, ఇల్లు ఎట్ల నిలవడ్తది, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, నరేశ్ రెయిలింగు వదిలేశాడు, ఎందుకు వదిలేశాడు, పట్టుకోవయ్యా.

జూన్‌లో ఆ వానరోజు, దాన్ని తలుచుకోకూడదనుకుంటుంది, తలపుకొస్తుంది, మధ్యాహ్నం మొదలైన వాన ఆగలేదు, రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు, బస్సులు లేవు, ఆటోవాళ్ళు తల అడ్డంగా ఊపుతున్నారు, ఫోను తడిసి చచ్చిపోయింది, చెప్పులు చేతపట్టుకుని సగం దూరం నడిచింది, నడుస్తున్నంతసేపూ కళ్ళ ముందు ఒకటే బొమ్మ, చీకటి ఇల్లు, ఆకలితో పడుకున్న పిల్ల, మందు వేసుకోవడం మరిచిపోయిన మనిషి, దేవా ఇయ్యాల్టికి నువ్వే సూడు, రేపు నౌకరి ఇడిసిపెడ్త, అని రోడ్డు మీదే ఒప్పుకుంది, తీరా రెండో అంతస్తుదాకా వచ్చేసరికి పాట వినబడింది, ఎనిమిదింటి ప్రార్థన పాట, కృప గొంతు, దాని కింద గుక్క చాలని నరేశ్ గొంతు, చప్పట్ల తాళం ఎవరిదా అనుకుంటే ఎల్లవ్వది, వాళ్ళ ఇంట్లో మల్లన్నకి దీపం పెట్టి వచ్చి వీళ్ళ పాటకి తాళం వేస్తోంది ముసలమ్మ, తలుపు సందులోంచి చూస్తే టేబులుగుడ్డ పరిచి ఉంది, అంచు ఆమె పరిచినట్టే నేలకి సమానంగా ఉంది, అన్నం వండి ఉంది, ఆమె కంచం మీద ఇంకో కంచం బోర్లించి ఉంది, నరేశ్ స్టూలు మీద కూర్చుని పప్పు పోపు పెట్టాడట, జీలకర్ర కృప అందించిందట, ఎల్లవ్వ అంది, నువ్వు లేవని పిల్ల ఏం పరేషాన్ కాలే బిడ్డా, మమ్మీ గిట్లనే చేస్తది, మనం గూడ గిట్లనే చెయ్యాలె, అన్నది, అని, సంతోషపడాల్సిన మాట, కానీ సుమన స్నానాలగదిలోకి పోయి నల్లా విప్పి ఆ చప్పుడులో ఏడ్చింది, నేను లేకున్నా నడిచింది, నా అవసరం లేదు, అటు టేబులు దగ్గర నేనొక వేలు మాత్రమే, ఇటు ఇంట్లో అది కూడా కాను, అనుకుంది, ఆ ఏడుపు ఎవరికీ చెప్పలేదు, అంత మంచి జరిగిన రోజున ఏడ్చానని ఎలా చెబుతుంది, అయినా తెల్లారి లేచి చాయ్‌లో పుదీన వేసుకుని డ్యూటీకి పోయింది, రోడ్డు మీద ఒప్పుకున్న మాట తప్పినందుకు అదొక ముల్లు, రెండు ముళ్ళూ ఒకేచోట.

నరేశ్ ఆగిపోయాడు, మూడో అంతస్తుకి ఇక పది మెట్లే ఉన్నాయనగా, చివరి మలుపులో ఆగిపోయాడు, ఆమె చేతిసంచి కింద పెట్టేసింది, చేయి అతని నడుము వెనక్కి పోయింది, అలవాటైన చేయి, అయిపోయింది, ఇంకో నెల, సముద్రం దాకా తీసుకుపోకుండా ఉండాల్సింది, ఇసుకలో అంత దూరం నడిపించకుండా ఉండాల్సింది, జర ఆగరాదు, కూసో, మెట్ల మీదనే కూసో, తప్పేం లేదు, రేపు కాకపోతె ఎల్లుండి పోదువు, అంటోంది, అతను వెనక్కి తిరిగి ఆమెను పైకీ కిందికీ చూశాడు, ఏందే, నీకే దమ్మొస్తున్నట్టుంది, నీ కోసమే ఆగిన, కూసుంటవా జర, అన్నాడు, అప్పుడు గాని ఆమెకి తెలియలేదు, తను ఊపిరి బిగబట్టి ఎక్కుతోంది, కింది మెట్టు నుంచీ అతని ఊపిరి కూడా తనే పీలుస్తున్నట్టు, చెవులు గుయ్యిమంటున్నాయి, అతని ఛాతీ మాత్రం తీరిగ్గా పైకీ కిందికీ ఆడుతోంది, నవ్వొచ్చింది, మెట్ల మీద కూలబడి నవ్వింది, మాస్కు లాగేసి నవ్వింది, రెండో అంతస్తు వాళ్ళ తలుపు తెరుచుకుని మూసుకుంది, మూసుకోనీ, నరేశ్ కూర్చోలేదు, ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు, నిలబడే చేయి చాపాడు, ఆ చేయి పట్టుకుని లేచింది, సాంచాల నూనె మరకలు ఏడు నెలల్లో పూర్తిగా పోయి మెత్తబడ్డ అరచేయి, మళ్ళీ రేపటి నుంచి నల్లబడుతుంది, నల్లబడనీ, యాభై తొమ్మిది, అరవై.

తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల లైటు వెలుగుతోంది, గుమ్మంలో చీపురు ఉంది, దాని పక్కన నల్ల ఇసుక చిన్న కుప్పగా ఊడ్చి ఉంది, స్టవ్ మీద అల్లం వాసన, కృప గరిటెతో చాయ్ తిప్పుతూ వెనక్కి చూడకుండానే, మమ్మీ, ఇంత లేటా, డాడీ గెలిచిండా లేదా, జల్దీ చెప్పు, అంది, గెలిచిండు, మమ్మీనే ఓడింది, అన్నాడు నరేశ్, పదేళ్ళ పిల్ల మూడు కప్పులు వరసగా పెట్టి కిటికీలోంచి పుదీన తుంచుతోంది, ఆకు చిరగకుండా కాడ దగ్గర గోటితో, ఆ తుంచడం ఎవరు నేర్పారు దానికి, సుమన నేర్పలేదు, పొద్దున్నే ఐదున్నరకి దుప్పటిలోంచి ఒక కన్ను తెరిచి చూసి ఉంటుంది, గుమ్మంలో నిలబడిపోయింది సుమన, చెప్పులు విప్పడం మరిచిపోయి నిలబడిపోయింది, తను లోపలికి రాకముందే లోపల ఇల్లు నడుస్తోంది, ఆ వానరోజున లాగానే, ఇప్పుడు ఏడుపు రాలేదు, తాపీ మేస్త్రి గోడ కట్టి ఇంటికి పోతాడు, పోయాక గోడ నిలబడితే నా అవసరం లేదని ఏడుస్తాడా, నిలబడ్డందుకే గదా వాణ్ణి మేస్త్రి అంటారు, లలితమ్మ అడిగినదానికి జవాబు దొరికింది, వచ్చే ఆదివారం చాయ్‌కి పిలిచి ఇక్కడే కూర్చోబెట్టి చెబుతుంది, కోపంగా కాదు, సంతోషంగా, పొద్దున అతను సాంచాలకు పోతాడు, తను టేబులు దగ్గరికి పోతుంది, డ్యూటీ పోగా మిగిలిన గంటల్లో ఏదో తోచినంత ఇల్లు చూసుకుంటున్నానని ఇన్నేళ్ళూ తలవంచుకుంది, మిగిలినది కాదు ఇది, పది నిమిషాలు, ఒక గుడ్డ, ఒక పాట, రెండు ఆకులు, వాటితోనే కట్టింది, తను లేని గంటల్లోనూ నిలబడే ఇల్లు కట్టింది, కట్టింది తనే.