తల పైన చోటు

ఫాయ్ తయారుచేసిన మొదటి ముఖచిత్రం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. కళాశాల పత్రిక పేరు తెచ్చి సరిగ్గా మా ప్రిన్సిపాల్ నుదుటి మీద పెట్టింది.

“ఒకరి తల మీద చెయ్యి వేస్తేనే తప్పనుకునే ఊరు మనది. నువ్వు ఏకంగా అక్షరాలు ఎక్కించావా తల్లీ?”

“ఫొటోలో చోటు లేదు అజాన్,” అంది తల గోక్కుంటూ.

“చోటు దానంతటది రాదే, మనమే వదలాలి. బటన్ నొక్కేటప్పుడే పత్రిక పేరు ఎక్కడ కూర్చుంటుందో కళ్లకు కట్టాలి. ఆబగా మొహం మీదకి దూరకు. వెనక్కి జరుగు.”

లంపాంగ్‌లో ఏళ్ల తరబడి కళాశాల పిల్లలకు ఫొటోగ్రఫీ చెబుతున్నాను, వాళ్లకు నేను అజాన్‌ని, అంటే గురువుని. చెప్పింది చెవికెక్కించుకునే పిల్లలు తక్కువ. ఫాయ్‌ది మాత్రం ఉడుంపట్టు. వెనక్కి జరిగీ జరిగీ ఒకసారి కాలవలో పడింది. కెమెరా తడవకుండా చెయ్యి పైకెత్తి మరీ పడింది! ఆ పిల్లంటే నాకు ప్రాణం, పైకి చెప్పను గానీ.

ఆ ఏడు చివరి సంచికకు ముఖచిత్రం తనదే కావాలని ఫాయ్ పంతం. చదువు అయిపోతోంది, మళ్లీ అవకాశం రాదు. తనను పెంచిన అమ్మమ్మ కమ్‌పానే ఎంచుకుంది. ఆవిడను ఊరంతా యాయ్, అంటే అమ్మమ్మ, అనే పిలుస్తుంది. పుచ్చకాయ రసం కలిపిన అన్నాన్ని బిళ్లలుగా ఎండబెట్టి, వేయించి అమ్ముతుంది.

నేను ఊళ్లో లేనప్పుడు ఫొటో తీసింది. కిటికీ పక్క వెలుగు, నలుపు తెలుపు, నవ్వని మొహం, వెనక ఖాళీ గోడ. తల పైన చోటు నేను చెప్పినట్టే వదిలింది. కింద యాయ్ పేరు, వయసు వేసింది. ఇంకా పత్రిక పేరు పెట్టకముందే మురిసిపోయి, ఫోన్లో చుట్టాలంతా ఉన్న లైన్ యాప్ గ్రూపులో పడేసింది. మాటొక్కటీ రాయలేదు.

నలుపు తెలుపులో ఒంటరిగా ముసలావిడ, కింద పేరు, వయసు. మా దగ్గర అలాంటి ఫొటో పెట్టేది శవపేటిక ముందు.

మర్నాడు ఊరి నుంచి రాగానే ఆ ముఖచిత్రం చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఫాయ్ మేనమామ చియాంగ్ మై నుంచి అప్పుడే దిగాడు. ఒంటి మీద నల్లచొక్కా. చేతిలో, ఈమధ్య అందరూ చావింటికి పూలచక్రాలకు బదులు తెస్తున్న టేబుల్ ఫ్యాను, దానికి నల్ల రిబ్బను. ఎదురుగా వాకిట్లో యాయ్ బిళ్లలు తిరగేస్తోంది.

“ఎవరు పోయార్రా?” అంది.

ఆయన ఫోను తీసి చూపించాడు. యాయ్ తన ఫొటోను తేరిపార చూసింది.

“నేనా? సరే, ఆ ఫ్యాను లోపల పెట్టు. ఉక్కగా ఉంది.”

మామ ఫాయ్ మీద విరుచుకుపడ్డాడు. “బతికున్న మనిషిని చంపేశావు కదే! ఇంకోసారి మా అమ్మ మీద కెమెరా ఎత్తావంటే ఊరుకోను.”

ఫాయ్ కెమెరా సంచిలో పెట్టేసింది. “వేరేవాళ్లది వేసుకోండి అజాన్. నాది వద్దు.”

మర్నాడే పత్రిక ప్రెస్‌కి వెళ్లాలి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

యాయ్ చేతులు తుడుచుకుంది. “నా మొహం నాదిరా, నీదా?” అని కొడుకును కసిరి, లోపలికెళ్లి గులాబీరంగు జాకెట్టు వేసుకొచ్చింది. ఎండుతున్న బిళ్లల మధ్య చతికిలబడి, “రంగుల్లో తియ్యవే. ఈసారి బతికున్నట్టు రావాలి,” అంది.

ఫాయ్ కెమెరా ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తి, మళ్లీ దించింది. కళ్లు తుడుచుకుంటోంది.

“ఇప్పుడేమొచ్చిందే?”

“నువ్వు నిజంగానే పోతావు కదా యాయ్, ఎప్పుడో ఒకప్పుడు.”

“పోతాను. ఇవాళ కాదు కదా! ఎండ పోతోంది, ముందు నొక్కు.”

అని పకపకా నవ్వింది. ఫాయ్ ఏడుస్తూనే నొక్కింది.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఇద్దరం ఆ ఫొటో చూశాం. చెయ్యి వణికినట్టుంది, నవ్వే మొహం కాస్త మసకబారింది.

“షేక్ అయింది అజాన్. తెల్లారగానే వెళ్లి మళ్లీ తీసుకొస్తా.”

మసకబారిన ఫొటోను నేనెన్నడూ అచ్చుకు పంపలేదు.

“ఇదే వెళ్తుంది,” అన్నాను. “ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను.”