గ్యారేజీ ఫోటోలో దొంగ

మా బావగారు మా తమ్ముణ్ణి దొంగను చేశాడు. మా ఆయనకు అన్నగారు కదా, ‘చేశారు’ అనాలి. నాకు నోరు రావడం లేదు. నోరు జారి చేసిన పని కాదది, కోపంలో చేసిందీ కాదు. తీరిగ్గా కూర్చుని, ఫోను మీద వేలు అటూ ఇటూ ఆడించి మరీ చేశాడు.

అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లు మాది. పైన వాళ్ళు, కింద మేము, పక్కన ఇద్దరికీ ఒకే గ్యారేజీ. అందులో సగం బావగారి కారుది, సగం నా కుట్టు మిషనుది. ఆటోలకూ కార్లకూ సీటు కవర్లు కుడతాను నేను. రెగ్జిన్ చుట్టలు, ఫోము, దబ్బనాలు, జిగురు డబ్బాలు, ఆ వాసన బావగారికి గిట్టదు. రెండో కారు కొనాలని, నా సగం కూడా తనకే కావాలని ఎప్పటినుంచో ఆయన ఆశ.

ఆ మధ్య ఎవడో పట్టపగలే షట్టరు లేపి కారు బ్యాటరీ, జాకీ ఎత్తుకుపోయాడు. నా మిషను జోలికి రాలేదు. దాన్ని కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి మరి. ఇక చూడాలి బావగారి హడావిడి! దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు షట్టరుకు రెండు తాళాలు, గేటుకు ఊచల తలుపు, దానికి ఇంకో మూడు తాళాలు, పిల్లి నడిచినా భగ్గున వెలిగే దీపం, పైగా ఒక కెమెరా. ఆ కెమెరాను వీధివైపు పెట్టించమంటే వినడే! గ్యారేజీ లోపలే, వచ్చేపోయేవాళ్ళ మొహాలు పడేలా బిగించాడు.

“ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదమ్మా,” అన్నాడు గోడవైపు చూస్తూ.

“ఈశ్వరుడు పట్టలేనివాణ్ణి మీ కెమెరా పడుతుందా బావగారూ?” అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నిన్నన్నానా? నీ గిరాకీలొస్తారు, మీ తమ్ముడొస్తాడు. అడ్డమైనవాళ్ళూ తిరిగేచోట తాళాలు దండగ కాదూ?”

మా తమ్ముడు ఇంటింటికీ పార్సిళ్ళు ఇచ్చే పని చేస్తాడు. అక్కకు దగ్గరగా ఉంటానని అడిగి మరీ ఈమధ్యే మా వీధులు వేయించుకున్నాడు. హెల్మెట్టు కిందున్న మొహం ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. ఆ పనిలో మంచిపేరే కూడు. దొంగ అన్న మాట ఒక్కసారి పుట్టిందా, ఏ తలుపూ తెరుచుకోదు, కంపెనీవాళ్ళు మర్నాడే పొమ్మంటారు. ఆ సంగతి నాకెంత తెలుసో బావగారికీ అంతే తెలుసు.

ఆ రోజు మిషను మీద ఉండగా వీధి మూల నుంచి కేకలు వినిపించాయి. వెళ్ళి చూద్దును కదా, మూలింటి కండక్టరు మా తమ్ముడి కాలరు పట్టుకుని ఉన్నాడు. చుట్టూ పదిమంది. తమ్ముడి పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. పార్సిళ్ళన్నీ మట్టిలో పడి ఉన్నాయి.

“దొరికాడమ్మా, మీ గ్యారేజీ దొంగ!” అన్నాడు కండక్టరు గొప్పగా. “మళ్ళీ వచ్చాడని, కనిపిస్తే పట్టుకోమని మీ బావగారే పొద్దున గ్రూపులో ఫోటో పెట్టారు.”

వీధి గ్రూపులో ఇంటికొక్కరే. మా ఇంటికి బావగారు.

“ముందు చెయ్యి తియ్యండి! వాడు నా తమ్ముడు!” అని అరిచాను. కండక్టరు పట్టు సడలించాడు గానీ వదల్లేదు.

అంతలో బావగారు దిగి వచ్చాడు, వెనకాలే మా ఆయన. “అరెరే, నువ్వటోయ్! కెమెరాలో మొహం సరిగ్గా పడలేదు. పొరపాటైపోయింది. సరే సరే, పదండి, ఎవరి పనులు వాళ్ళు చూసుకోండి,” అన్నాడు బావగారు.

“పోన్లెండి, ఎవరికైనా జరిగేదే,” అన్నారెవరో. కొట్టించుకున్నవాడు మాత్రం పోన్లెమ్మనలేదు.

“ఏదీ ఆ ఫోటో?” అని కండక్టరు ఫోను లాక్కున్నాను. మొహం పడకపోవడమేం! గడ్డం మీద పుట్టుమచ్చతో సహా పడింది. వాడు మొన్న నాకు ఫోము తెచ్చిన రోజుది. వాడి భుజం మీద ఒక చేతి వేళ్ళున్నాయి. చూపుడువేలికి తోలు తొడుగు. దబ్బనం నెట్టేటప్పుడు నేను పెట్టుకునేది. అప్పుడు కూడా నా వేలికే ఉంది. అందరికీ కనబడేలా చెయ్యెత్తాను.

“ఈ వేళ్ళు నావి బావగారూ. వేళ్ళు మిగిలాయి, మరి మనిషేది?”

“నేనేం కత్తిరించలేదే!” అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. కత్తిరించారని అప్పటికి ఎవరూ అనలేదు.

కెమెరా బొమ్మలు మా ఆయన ఫోనులోకి కూడా వస్తాయి. ఆయనవైపు తిరిగి, “తియ్యండి,” అన్నాను.

“లోపల మాట్లాడుకుందాం పద. అన్నయ్య పరువు...” అని నసిగారు.

“మీ అన్నయ్యకు పరువు, నా తమ్ముడికి నెత్తురూనా?”

మా ఆయన వాడి పెదవి వంక చూశారు. ఫోను తీసి నా చేతిలో పెట్టారు. ఫోటో మొత్తం ఉంది అందులో. మధ్యలో ఫోము చుట్ట మోస్తూ మా తమ్ముడు. ఇటుపక్క వాడి భుజం మీద చెయ్యేసి నేను. అటుపక్క, వాడి తలకు తగలకుండా షట్టరును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, మా బావగారు.

ఫోను చేతులు మారింది. కండక్టరు కాలరు వదిలేశాడు. ఒకావిడకు పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి, ఇంకొకాయనకు ఏదో ఫోనొచ్చింది.

“ఇంటి గుట్టు వీధికెక్కించావు,” అన్నాడు బావగారు పళ్ళు కొరుకుతూ.

“ఎక్కించింది మీరు. దించలేక చస్తున్నది నేను.”

తమ్ముడు పార్సిళ్ళు ఏరుకుంటూ, “నేనీ వీధులు వదిలేస్తానక్కా. వేరేచోటికి మార్చమని అడుగుతా,” అన్నాడు.

“నువ్వు వదిలేస్తే ఆ ఫోటోయే నిజమైపోతుందిరా. మొహం కడుక్కో. నేనూ వస్తాను.”

ఇంటింటికీ తిరిగాం. ఎదురింటి టీచరమ్మ గొలుసు తియ్యకుండా సందులోంచి చెయ్యి చాపింది.

“గొలుసు తియ్యండి టీచరుగారూ. వీడు నా తమ్ముడు. మీ పార్సిలు తెచ్చాడు,” అన్నాను. తీసింది. అదే మాట ప్రతి గుమ్మం ముందూ అన్నాను. కండక్టరు తనది రెండు చేతులా అందుకుని ఏదో చెప్పబోయాడు. వినడానికి నేను ఆగలేదు.

సంచిలో చివరిది బావగారి పేరు మీద ఉంది. మేము గేటు దగ్గరికొచ్చేసరికి ఊచల తలుపుకు మూడు తాళాలూ వేసుకుని లోపల నిలబడి ఉన్నాడు. ఊచల మధ్యలోంచి చెయ్యి బయటికి పెట్టాడు.

“ఇలా ఇచ్చెయ్యి,” అన్నాడు.

నా పెళ్ళైన దగ్గర్నుంచీ మా తమ్ముడు ఆయన్ను నోరారా ‘బావగారూ’ అనే పిలిచేవాడు.

“అలా ఇవ్వకూడదు సార్,” అన్నాడు. “బయటికి రండి. పార్సిలుతో మీ ఫోటో తియ్యాలి.”

వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. బావగారు జేబులోంచి తాళంచెవులు తీసి, ఒక్కో తాళమే తియ్యడం మొదలుపెట్టాడు.