విండ్‌బర్న్ కౌంటీ ఆఖరి జాబితా

విండ్‌బర్న్ కౌంటీ 1981 జనవరి ఒకటో తారీఖున పోయింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నూట ముప్పై ఎనిమిదేళ్లు బతికిన కౌంటీని పక్కనున్న మెరిడేల్ సిటీలో కలిపేశారు. 1976లో ఒకసారి ఓటు పెడితే జనం వద్దన్నారు. నాలుగేళ్లకి మళ్లీ పెడితే, రోడ్లు బాగుపడతాయని ఆశపడి సరేనన్నారు. కోర్టు హౌస్ మీద కౌంటీ జెండా దించుతుంటే అక్కడ చేరిన పాతిక మందిలో కళ్లు తుడుచుకున్నది మా ఆయన ఆమోసు ఒక్కరే. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకే లేని ఏడుపు నరసాపురంలో పుట్టిన ఈ మనిషికెందుకో అని నవ్వుకున్నాను కూడా.

నేను 1973లో అమెరికాకి, ఈ కౌంటీ హాస్పిటల్లో నర్సుగా వచ్చాను. నా వెనకాల వచ్చి ఆయన కౌంటీ ఇంజనీర్ ఆఫీసులో గుమస్తాగా చేరారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే చాలు, ఏ రోడ్డు ఏ ఏడు వేశారో, ఏ వంతెన ఏ వరదకి కొట్టుకుపోయిందో మొదలుపెట్టేవారు. కూర చల్లారేది కానీ కౌంటీ చరిత్ర చల్లారేది కాదు. సొంత ముత్తాత పేరు అడిగితే మాత్రం నీళ్లు నమిలేవారు.

1977 మార్చిలో మాకు లూసీ పుట్టింది. గుండెలో రంధ్రం. పందొమ్మిది రోజులు బతికింది. నేను పనిచేసే వార్డులోనే, నా చేతుల్లోనే పోయింది. అప్పటికి మాకంటూ తెలుగు చర్చి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఏడు కుటుంబాలం అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో కూడుకునేవాళ్లం. ఆ ఏడు కుటుంబాలే వచ్చి పాట పాడి, కౌంటీవాళ్ల శ్మశానంలో పాపని పెట్టాయి. రాయి వేయించలేదు. రాయి మీద పేరు చెక్కిస్తే ఇక నిజంగా అయిపోయినట్టే అనిపించి, వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ నేనే వాయిదా వేశాను. తలవైపు కౌంటీవాళ్లు పాతిన ఇటుకంత సిమెంటు దిమ్మ ఒక్కటే గుర్తు. దాని మీద నల్లరంగుతో ఏదో నంబరు ఉండేది.

మా వైపు నవంబరు రెండున సమాధుల పండుగ. గడ్డి పీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. సున్నం పడని సమాధి అంటే అయినవాళ్లు లేని సమాధి. నా బిడ్డకి ఆ గతి పట్టనిస్తానా? ఏటా హార్డ్‌వేర్ షాపులో సున్నం సంచీ కొని, బకెట్లో కలిపి, ఆ దిమ్మకి రెండు పూతలు వేసేదాన్ని. నంబరు సున్నం కిందికి పోయింది. నంబరుతో మాకేం పని? కంచె పక్కనున్న పైన్ చెట్టు నుంచి రెండోది మా పాప. కళ్లకి గంతలు కట్టినా వెళ్లగలను.

1980లో, కలపడానికి ముందు, కౌంటీ ఆస్తులన్నీ జాబితా రాసి సిటీకి అప్పగించాల్సి వచ్చింది. ఆ పని మా ఆయన మీద పడింది. కౌంటీ పుస్తకాల నిండా తప్పులే. యాభై ఏళ్ల కిందట కొట్టుకుపోయిన వంతెన పుస్తకంలో ఇంకా నిలబడే ఉంది. ఎన్నడూ వేయని రోడ్లు రెండున్నాయి. అందుకని ఆయన ఒక రూల్ రాసి ఇంజనీర్‌కి ఇచ్చారు. పుస్తకం ఒకటి చెప్పి, నేల ఇంకొకటి చెబితే నేల మాటే ఖాయం. మనుషుల్ని పంపి కళ్లారా చూసింది రాయాలి. సిటీ జాబితాని ఒప్పుకున్నాక పాత పుస్తకాలు ఉంచక్కర్లేదు. ఇంజనీర్ ఆయన భుజం తట్టాడు. రోడ్లకి, వంతెనలకి, బావులకి, అన్నిటికీ అదే రూల్. సిటీవాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం పంపి, ఆయన్ని తమ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ ఉత్తరానికి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది నేనే.

1983 నవంబరు రెండు, మధ్యాహ్నం. సున్నం బకెట్ పట్టుకుని నేను ముందు, పూలతో ఆయన వెనక. పైన్ చెట్టు నుంచి రెండో చోట పొడవాటి కొత్త మట్టిదిబ్బ ఉంది. దాని మీద పూలచక్రాలు ఇంకా వాడలేదు. తలవైపు గ్రానైట్ రాయి. వెల్మా టర్నర్, 1901–1983. నా తెల్ల దిమ్మ లేదు.

"ఏమండీ, లైన్ తప్పామా?"

చెట్టు దగ్గరికి వెళ్లి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. మళ్లీ వెళ్లి మళ్లీ లెక్కపెట్టాను.

"పాప ఏదండీ?"

"జ్యోతీ," అన్నారు. పూలు కింద పడేశారు. "జాబితాకి పంపినవాళ్లు ఇక్కడ నంబరు లేని దిమ్మలు పదకొండని రాసుకొచ్చారు. ఆ చోట్లు ఖాళీ అని టైప్ చేశాను. నేనే చేశాను. ఒకటి మనదని తట్టలేదే!"

జాబితా రాసేనాటికే, మూడేళ్లలో, చిన్న దిబ్బ కుంగి నేలతో కలిసిపోయింది. పైన గడ్డి. నంబరు కనిపించని దిమ్మ. చూసినవాళ్లు చూసింది చూసినట్టే రాశారు. వాళ్లని ఏమని తిట్టను?

మర్నాడు సిటీ ఆఫీసుకి వెళ్లాం. పాత కౌంటీ రికార్డులు అడగాలంటే వెళ్లాల్సిన బల్ల మా ఆయనదే. లూసీ పేరు, నంబరు ఉన్న శ్మశానం పుస్తకం ఆయన సంతకంతోనే కాగితం మిల్లుకి పోయి గుజ్జయింది. డెత్ సర్టిఫికెట్‌లో శ్మశానం పేరుంది, చోటు లేదు. కంచే చేను మేసిందంటారే, అలా అయింది మా పని.

శ్మశానం సూపరింటెండెంట్ మంచివాడు. నాకు కుర్చీ వేసి, గొయ్యి తవ్వినవాణ్ని పిలిపించాడు. వాడు టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. మెషీన్‌తో తవ్వామని, ఏవో చెక్కముక్కలు వస్తే వేర్లనుకున్నామని చెప్పాడు. నా బిడ్డ పెట్టె పొడవు రెండున్నర అడుగులు. దాని లోపల గుడ్డ నేనే కుట్టాను.

"టర్నర్ కుటుంబం ఒప్పుకుంటే తెరిచి చూడొచ్చు. ఏమైనా దొరుకుతుందని మాత్రం చెప్పలేను," అని సూపరింటెండెంట్ ఒక ఫారం నా చేతిలో పెట్టాడు.

కారెక్కాక నోరు విప్పాను. "ఎంత గొప్ప రూల్ రాశారండీ! నేల అబద్ధం చెప్పదన్నారు కదా? ఫ్రేమ్ కట్టించాం కదా?"

"నేల అబద్ధం చెప్పలేదు జ్యోతీ. ఆ సున్నం..." అని ఆగిపోయారు.

ఆ మాట ఆయన పూర్తి చేయలేదు. తర్వాత కూడా ఎప్పుడూ చేయలేదు. పూర్తి చేసి ఉంటే పోట్లాడేదాన్ని, గిన్నెలు విసిరేదాన్ని, కొంత తేలికపడేదాన్ని. మా ఇంట్లో కౌంటీ మాట ఆ రోజుతో ఆగింది. అన్నం ముందు కూర్చుంటే చెంచాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అదే నయమనుకునేంతగా అలవాటైపోయింది.

ఏడాది ఆ ఫారం బీరువాలోనే పడి ఉంది. 1984 నవంబరు రెండున దాన్ని నింపి, సంతకం చేసి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని బయల్దేరాను. ముందు పాప దగ్గర కొవ్వొత్తి వెలిగించి, అటునుంచి ఆఫీసుకి వెళ్లి ఇచ్చేద్దామని. ఆయన కారు దిగలేదు. నేనూ రమ్మనలేదు.

దిబ్బ దగ్గర ఒక తెల్లామె ఉంది. అరవై ఏళ్లుంటాయి. మోకాళ్ల మీద కూర్చుని రాయి తుడుస్తోంది. నన్ను, నా చేతిలో కొవ్వొత్తిని చూసి లేచింది.

"మా అమ్మ మీకు తెలుసా?"

ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాను. మీ అమ్మ కింద నా కూతురుంది అనాలి. ఇంగ్లీషులో అది నాలుగు ముక్కలు, అంతే. నోరు తెరిచాను.

"చివర్లో చాలా బాధపడింది," అంది ఆమె. "ఇక్కడికొచ్చాకే అమ్మకి ప్రశాంతంగా ఉంది. అది తల్చుకునే నేను నిద్రపోతున్నాను."

"తెలుసు," అన్నాను. "నేను నర్సుని. హాస్పిటల్లో చూశాను." ఆ రాయి మీద పేరు తప్ప వెల్మా గురించి నాకేమీ తెలియదు.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. కొవ్వొత్తి మట్టిలో గుచ్చి వెలిగించాను. అమ్మని మర్చిపోకుండా వచ్చినందుకు దేవుడు మిమ్మల్ని దీవించాలి అంది. ప్రతి ఏడూ రమ్మంది. వస్తానన్నాను. అమ్మ కోసం ఒక మాట ప్రార్థన చేయండి, మీ భాషలోనే చేయండి అని అడిగింది. కళ్లు మూసుకున్నాను. గొంతు దాకా లూసీ పేరు వచ్చింది. ఆమెకి తెలుగు రాదు కానీ పేరు పేరే కదా, తెలిసిపోతుంది. ప్రభువా, వెల్మాకి విశ్రాంతి ఇవ్వు అన్నాను.